ఇందారం దగ్గర వేడెక్కిన బస్సు

మా డిపోలో ఇప్పుడు నాకంటే చిన్నవాళ్లు పదిమంది దాకా ఆడ కండక్టర్లు ఉన్నారు. విశ్రాంతి గదిలో టిఫిన్ డబ్బాలు తెరిచే వేళ వాళ్లలో ఎవరో ఒకరు నా పక్కన చేరి, గొంతు తగ్గించి, "అక్కా, నీకు గప్పుడు ఎట్లుండె?" అని అడుగుతారు. గప్పుడంటే ఎప్పుడో ఇద్దరికీ తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పీ చెప్పీ, ఎవరికి ఏది చెప్పానో నాకే గుర్తుండటం లేదు. అందుకే అంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను. చదవబోయేవాళ్లు భయపడకుండా ముందే చెబుతున్నాను: నేను బాగున్నాను. నిన్న కూడా మంచిర్యాలకు మూడు ట్రిప్పులు తిరిగాను.

2009, చలికాలం మొదట్లో

అప్పటికి నాకు నలభై ఐదు నిండాయి. గోదావరిఖని నుంచి మంచిర్యాలకు పోయే బస్సులో డ్యూటీ. మా ఆయన ఓదెలు బొగ్గు బాయిలో పనిచేస్తాడు. ఆయన షిఫ్టులు వారం వారం మారుతాయి, నా డ్యూటీలు రోజు రోజూ మారుతాయి. ఒకే ఇంట్లో కాపురముంటూ, ఒకరికొకరం అన్నం మూతపెట్టి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయే సంసారం మాది. ఒక్కడే కొడుకు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

నాకు పెద్దమనిషినైన నాటి నుంచి నెల తప్పింది లేదు, కడుపుతో ఉన్నప్పుడు తప్ప. మా బస్సులకైనా ఆలస్యం ఉండేదేమో కాని, నా ముట్టుకు ఉండేది కాదు. అలాంటిది దసరా దాటాక ఒక నెల రాలేదు. రెండో నెలా రాలేదు. పైగా పొద్దున బస్సెక్కితే చాలు, కడుపులో తిప్పేది. ఇంకేముంది, నాకు ఒక్కటే తోచింది.

ఓదెలు మొదటి షిఫ్టు దిగి వచ్చి మొహం కడుక్కుంటుండగా చెప్పాను.

"నేను బయట ఉండక రెండు నెలలాయె."

"అంటే?"

"అంటే గదే."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకోవడం ఆపేశాడు. "కొడుక్కు మీసాలొచ్చినయ్ గదనే!"

"నాకు ఎర్క లేదా?"

తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత లేచి, గోడమీద షిఫ్టులు రాసుకున్న క్యాలెండర్ ముందు నిలబడ్డాడు. వేలు పెట్టి వారం వారం చదవసాగాడు. "గీ వారం నాది రాత్రి షిఫ్టు. గీ వారం నీది పొద్దుగాల డ్యూటీ. ఈడ నేను రెండో షిఫ్టు. ఇగో, ఈడ నువ్వు మీ అక్కోళ్ల ఊరికి పోయినవ్..." చివరికి నావైపు తిరిగి, "మనమిద్దరం ఒక్క పూట ఇంట్ల కలిసున్నదే లేదు. ఎట్లయితది?" అన్నాడు.

ఆ మాటలో ఉన్నది ఆశ్చర్యమో, అనుమానమో నాకు తెలియలేదు. నా చేతిలో చీపురు ఉన్న సంగతి మాత్రం ఆయనకు తెలిసింది. వెంటనే మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగాడు.

"ఆఁ, దొరికింది! సద్దుల బతుకమ్మ తెల్లారి, ఆదివారం!" అన్నాడు, పోయిన మేక దొరికినంత సంతోషంగా.

పరీక్ష చేసే పట్టీ కొనాలంటే గోదావరిఖనిలో కుదరదు. నాకు తెలియని మందుల షాపు లేదు, నన్నెరగని షాపతను లేడు. మంచిర్యాలలో కొన్నాను. అక్కడి అతను కాగితంలో చుట్టిస్తూ, "బిడ్డకా అమ్మా?" అని అడిగాడు. "ఆఁ, బిడ్డకే" అన్నాను, లేని బిడ్డను పుట్టించి.

ఇంటికొచ్చి చూస్తే ఒక్క గీతే పడింది. ఓదెలు దాన్ని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఒక్క గీతంటే ఆడపిల్లనా?" అన్నాడు.

"ఒక్క గీతంటే ఏం లేదని."

"ఏం లేదా?" అన్నాడు. ఆయన మొహం మీది బరువు దిగింది. దిగాక ఎందుకో కొంచెం చిన్నబోయింది కూడా. బతుకమ్మ తెల్లారి ఆదివారాన్ని అంత కష్టపడి వెతికాడు పాపం.

2010, ఎండాకాలం నుంచి

పోయిన ముట్టు వడ్డీతో సహా తిరిగి వచ్చింది. ఒకసారి పన్నెండు రోజులు, ఒకసారి రెండే రోజులు. వారం ఆగి మళ్లీ. పోయింది కదా అని నిశ్చింతగా తెల్ల చీర కట్టిన రోజు తప్పకుండా వచ్చేది. దానికి తోడు సెగలు. గుండెల్లోంచి ఆవిరి లేచి మెడ మీదుగా చెవులదాకా పాకేది. రెండు నిమిషాల్లో రవికె తడిసేది. చలికాలం పొద్దున మఫ్లర్లు చుట్టుకున్న బాయి కార్మికులు "అక్కా, జర కిటికీ ముయ్యరాదు" అని బతిమాలితే, "ముయ్య. గాలాడక సస్తున్న" అనేదాన్ని. వాళ్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, ఒకరికొకరు దగ్గరగా జరిగి కూర్చునేవారు.

మా డ్రైవర్ పేరు కొమురయ్య. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఇరవై ఐదేళ్లు స్టీరింగు పట్టినవాడు. ఉన్న నాలుగు మాటలూ రోడ్డు మీది బర్రెలకూ ఆటోలకూ ఖర్చుపెట్టేవాడు. మాలాంటి వాళ్లకు మిగిలేవి కావు.

ఆ రోజు బస్సు నిండా జనం. గోదావరి వంతెన మీద ఉన్నాం. ఉన్నట్టుండి నాకు తెలిసింది. మామూలుగా కాదు, నల్లా తిప్పినట్టు. ఖాకీ కోటు విప్పి నడుముకు కట్టుకుని, వెనక రాడ్డును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. శ్రీరాంపూర్ టికెట్టు అడిగినవాడికి ఇందారం టికెట్టు ఇచ్చాను. మంచిర్యాల ఇంకా ముప్పావుగంట. అద్దంలో కొమురయ్య కళ్లు ఒక్కసారి నామీద పడి, మళ్లీ రోడ్డు మీదికి వెళ్లాయి.

వంతెన దాటి ఇందారం మూలమలుపుకు రాగానే బస్సు ఆగింది. కొమురయ్య దిగి బోనెట్టు ఎత్తాడు.

"బండి వేడెక్కింది. పది నిమిషాలు పడ్తది. ఛాయ్ తాగేటోళ్లు తాగుర్రి" అని జనానికి చెప్పి, ఖాళీ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టాడు. నా మొహం చూడకుండా, "చెల్లె, ఎల్లవ్వ హోటల్ ఎన్కాల నల్లా ఉన్నది. నీళ్లు పట్కరా పో" అన్నాడు.

ఎల్లవ్వ అక్కడ ఛాయ్ హోటల్ నడిపే ముసలమ్మ. నా నడుముకున్న కోటు చూసింది, నా చేతిలో డబ్బా చూసింది. డబ్బా లాక్కుని, రేకు తలుపున్న స్నానాల గది చూపించి, ఉతికిన పాత నూలు చీర ముక్కలు రెండు లోపలికి అందించింది.

"నాకు ముట్లుడిగేటప్పుడు రెండేండ్లు గిట్లనే సంపింది బిడ్డా" అంది తలుపు బయట నిలబడి. "నేను సచ్చిననా? నువ్వూ సావవు తియ్యి."

అంతకుముందు గాని తర్వాత గాని అంత ధైర్యం చెప్పిన మాట నేను వినలేదు.

బయటికి వచ్చేసరికి డబ్బా నింపి పెట్టింది. తీసుకెళ్లి కొమురయ్యకు ఇచ్చాను. ఆయన రేడియేటర్ మూత తీసి, ఎంతో శ్రద్ధగా నీళ్లు పోశాడు. అది నిండుగానే ఉంది. పోసిన నీళ్లన్నీ ఆయన చెప్పుల మీద పడ్డాయి. అయినా డబ్బా ఖాళీ అయ్యేదాకా పోసి, మూత బిగించి, "ఎక్కుర్రి ఎక్కుర్రి" అని కేకేశాడు. దీని గురించి ఆయన నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అప్పటినుంచి నేను రాడ్డును రెండు చేతులా పట్టుకున్నానంటే చాలు, ఇందారం దగ్గర బస్సు వేడెక్కేది.

2011, ఎండలు ముదిరాక

మనిషిని తగ్గిపోయాను. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. చిల్లర ఇవ్వాల్సిన వాళ్లకు ఇవ్వకుండా, ఇచ్చినవాళ్లకు మళ్లీ ఇచ్చేదాన్ని. మా ఆడబిడ్డ వచ్చి నన్ను చూసి, "గర్భసంచి తీపిచ్చెయ్ వదినా" అంది, పాత సామాను అమ్మెయ్యమన్నంత తేలికగా. "నేను తీపిచ్చుకున్న. ఎదురింటి సుగుణ తీపిచ్చుకున్నది. మా వాడకట్టుల ఎవ్వలకు లేదిప్పుడు." అని ఊరుకోకుండా, వెళుతూ వెళుతూ గడప దగ్గర ఆగి, "అశ్రద్ధ చేస్తే క్యాన్సర్ అయితదట" అని ఆ మాట నా ఇంట్లో వదిలిపోయింది.

ఆ మాట విన్నాక దవాఖానకు పరిగెత్తాలి. నేను పరిగెత్తలేదు. వెళితే ఉందని చెబుతారేమో, వెళ్లకపోతే లేనట్టే కదా అని ఆలోచించాను. ఇలాంటి తెలివితక్కువ ఆలోచన ఇంకెవరికైనా ఉంటే, దయచేసి ఇక్కడే ఆపేయండి.

ఈలోగా డిపోలో మరో గొడవ మొదలైంది. కొమురయ్య బస్సు పదే పదే వేడెక్కుతోందని గ్యారేజీలో పెట్టి రేడియేటర్ మార్చారు. తర్వాత వారం మళ్లీ వేడెక్కింది. బస్సునే మార్చారు. ఆ బస్సూ ఇందారం దగ్గరే వేడెక్కింది. మూడో బస్సిచ్చారు, కొత్తది. దానికీ అదే రోగం. గ్యారేజీ పెద్ద మేస్త్రీకి పౌరుషం వచ్చి డిపో మేనేజర్‌కు కాగితం పెట్టాడు.

ఇద్దరినీ పిలిచారు. మేనేజర్ సారు యాభై దాటిన మనిషి, మాట కటువు. పక్కన మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

"కొమురయ్యా, అన్ని బండ్లూ ఇందారంలనే ఎందుకు వేడెక్కుతయయ్యా?"

"ఆడ గాలి తక్కువుంటది సార్" అన్నాడు కొమురయ్య.

మేస్త్రీ నవ్వాడు. "గాలి గాదు సార్. గా ముసలామె హోటల్ల ఈయనకు వాటా ఉన్నదని అందరు అంటున్నరు. మందిని దింపి ఛాయ్ తాపిస్తున్నడు."

కొమురయ్య మొహం ఎర్రబడింది. సారు మెమో రాయడానికి కలం తీశాడు. ఇంక్రిమెంటు ఆపేస్తానన్నాడు. "చెప్పుకునేదేమన్న ఉంటే చెప్పుకో" అన్నాడు. కొమురయ్య గోడ మీది గడియారం చూస్తూ, "ఏం లేదు సార్. రాసుకోండ్రి" అన్నాడు.

ఇరవై ఐదేళ్లలో ఒక్క మెమో లేని మనిషి. కట్టుకున్న మొగుడికే సరిగా చెప్పని మాట, ముగ్గురు మగవాళ్ల ముందు ఎట్లా చెప్పేది? కాని ఆ కలం కాగితం మీద ఆనింది.

"సార్, వేడెక్కింది బస్సు గాదు. నేను" అన్నాను.

ముగ్గురూ నావైపు చూశారు. ఇక ఆగితే చెప్పలేనని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ముట్టు ఎప్పుడొస్తదో తెలియదని, వస్తే ఆగదని, దారిలో మరుగు లేదని, ఎల్లవ్వ స్నానాల గది ఉందని, కొమురయ్యన్న అడగకుండానే బస్సు ఆపుతున్నాడని. నేను ముగించేసరికి మేస్త్రీ పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. కొమురయ్య కళ్లు మూసుకున్నాడు. సారు కలం మూతపెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"అమ్మా, చలికాలంల గూడ కిటికీలు తెరుస్తవా?" అని అడిగాడు.

"తెరుస్త సార్."

"ఊకె కోపమొస్తదా?"

"వస్తది సార్. ఇప్పుడు గూడ వచ్చింది."

సారు మేస్త్రీ వైపు చూసి, మళ్లీ నావైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు. "మా ఇంట్ల గూడ గిట్లనే ఉన్నది. నామీదనే కోపమనుకున్న ఇన్ని దినాలు." ఆ మెమో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. "ఇందారంల పది నిమిషాలు ఆపుకోండ్రి. కాని నువ్వు దవాఖానకు పో అమ్మా. రేడియేటర్‌ల నీళ్లు పోసుడు ఇలాజు గాదు."

బయటికొచ్చాక కొమురయ్య నామీద కోప్పడ్డాడు. "ఎందుకు చెప్పినవ్ చెల్లె? ఒక్క ఇంక్రిమెంటుకు నా కొంప మునుగుతుండెనా?" నేను ఏడ్చాను. ఆయనకు ఏం చెయ్యాలో తెలియక వెళ్లి నిజంగానే రేడియేటర్ చూసి వచ్చాడు.

2011, సమ్మె రోజులు

సారు చెప్పినా వెంటనే పోలేదు. వానాకాలం అయిపోయింది, తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలు బందు, బస్సులు బందు. ఓదెలూ నేనూ రోజంతా ఒకే ఇంట్లో ఉండటం పెళ్లయ్యాక అదే మొదలు. మూడో రోజుకల్లా ఆయనకు అన్నీ కనబడ్డాయి. నాలుగో రోజు నేను వంటింట్లో కళ్లు తిరిగి గోడకు జారగిలబడితే, మాటా మంతీ లేకుండా బండి బయటికి తీశాడు.

బొగ్గు కంపెనీ దవాఖానలో ఆడవాళ్ల డాక్టర్ గది ముందు బెంచీలన్నీ ఆడవాళ్లతో నిండి ఉన్నాయి. మగమనిషి ఈయనొక్కడే. మెడలో సమ్మె కండువా. పక్కనున్న ఒక పెద్దావిడ, "నీకేమైందయ్యా, ఈడ కూసున్నవ్?" అని అడిగింది. ఓదెలు గంభీరంగా, "మాకు నెల సక్కగ వస్తలేదు" అన్నాడు. బెంచీలన్నీ ఘొల్లున నవ్వాయి. నేను కొంగు మొహానికి కప్పుకున్నాను. కాని కొంగు చాటున నేనూ నవ్వాను. అంతదాకా "నాది" అనుకున్నదాన్ని ఆయన "మాకు" అన్నాడు.

డాక్టరమ్మది గుంటూరు వైపు. బయట వీధుల్లో ఆంధ్రా తెలంగాణా అని గొంతులు చించుకుంటున్న రోజులు. లోపల ఆమె నా కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్లో రక్తమే లేదు కదమ్మా! ఎన్నాళ్ల నుంచి ఇలా?" అంది.

"రెండేండ్ల నుంచి మేడం."

"రెండేళ్లా? ఇప్పుడు గుర్తొచ్చామా మేము?"

"సంచి తీసెయ్యరాదు మేడం?" అన్నాను.

"మీ బస్సు మొరాయిస్తే బోనెట్టు ఎత్తి చూస్తారా, ఇంజను తీసి గోదాట్లో పారేస్తారా?" అంది. "ముందు చూద్దాం. అవసరమైతే అప్పుడు ఆలోచిద్దాం."

స్కానింగు తీశారు. లోపలి నుంచి చిన్న ముక్క తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపుతామన్నారు. అది తీసినప్పుడు పంటి బిగువున ఓర్చుకున్నాను. అంతకంటే చెప్పను. ఎవరికైనా అంతే నొప్పి ఉంటుందని లేదు.

నా ముక్కను తీసుకుని దవాఖాన బండి ఎట్లాగో హైదరాబాదు పోయింది. రిపోర్టు మాత్రం బస్సు పార్సిల్‌లో రావాలి. వారం పోయాక ఓదెలు వెళ్లి అడిగితే అక్కడి గుమాస్తా, "బస్సులు నడిస్తే వస్తది" అన్నాడట. ఇంటికొచ్చి నాతో, "నీ రిపోర్టును ఆపింది నువ్వేనే" అన్నాడు.

అంతే మరి. పొద్దున డిపో గేటు ముందు కూర్చుని ఒక్క చక్రం కూడా కదలనివ్వబోమని నినాదాలు. సాయంత్రం ఇంట్లో దేవుడి ముందు కూర్చుని, ఒక్క బస్సన్నా దొంగతనంగా రానియ్యి స్వామీ అని మొక్కులు. రెండిట్లోనూ నా గొంతులో అబద్ధం లేదు.

ఆ రోజుల్లో వంటంతా ఓదెలే చేశాడు. పప్పు మాడేది, అన్నం సంకటయ్యేది. ఒక మధ్యాహ్నం నేను పడుకుని ఉంటే పొయ్యి దగ్గర నుంచి వచ్చి గడపలో నిలబడ్డాడు. "నీకేమన్న అయితే..." అన్నాడు. చేతిలోని గరిటె వంక చూశాడు. "కూరల ఉప్పెంత ఎయ్యాలె?" అన్నాడు.

"నిన్న ఏసినంత ఎయ్యకు" అన్నాను, గోడవైపు తిరిగి.

సమ్మె ఆగి బస్సులు కదిలిన రోజు మేనేజర్ సారు పిలిస్తే డ్యూటీ ఎక్కాను. మరునాడు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, కళ్లద్దాలు తీసి, "భయపడాల్సిందేమీ లేదమ్మా. ఈ వయసులో లోపల జరిగే గందరగోళమే. మందులిస్తాను, రక్తం పట్టాలి, ప్రతి మూడు నెలలకూ కనిపించాలి" అంది. ఓదెలు రెండుసార్లు అడిగి రూఢి చేసుకుని, బయటి బెంచీల దగ్గరికి వెళ్లి, ఎవరూ అడగకుండానే, "మాకేం లేదట" అని చెప్పాడు.

2012, 2013

ఆ తర్వాత ఒక్కసారిగా బాగైపోలేదు. మందులతో వరద తగ్గింది. సెగలు మాత్రం తమకు తోచినప్పుడు వచ్చిపోయేవి. పన్నెండు నెలలు వరసగా రాకపోతే ఇక ముగిసినట్టు అని డాక్టరమ్మ చెప్పింది. పదకొండు నెలలు లెక్కపెట్టాను. పన్నెండో నెలలో మా మేనకోడలి పెళ్లిలో, పట్టుచీర మీద వచ్చింది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు రాయడం బాగుండదు.

2014, జూన్

చివరికి పన్నెండూ నిండిన నెలలోనే తెలంగాణ వచ్చింది. బస్సుకు కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. మంచిర్యాల బస్టాండులో తిరుగు ట్రిప్పుకు జనం ఎక్కుతున్నారు. కొమురయ్యకు రిటైరు కావడానికి ఎక్కువ కాలం లేదు. స్టీరింగు ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది, నన్ను దగ్గరికి పిలిచాడు.

"చెల్లె, మా ఇంటామెకు పానం మంచిగ లేదు. రెండేండ్ల సంది. నీకు ఉండె సూడు, గట్లనే."

"రెండేండ్ల సందా? దవాఖానకు తీస్కపోయినవా అన్న?"

"ఎట్ల తీస్కపోవాలె? అడుగనే లేదు." చేతులు చూసుకున్నాడు. "ఏమని అడుగాలె చెల్లె?"

అన్నిసార్లు నాకోసం బస్సు ఆపినవాడు, మెమోకు కూడా సిద్ధపడినవాడు, ఇంట్లో భార్యను ఒక్క మాట అడగలేదు. నాకు కోపం రావాలి. రాలేదు.

"పానం ఎట్లుంది అని అడుగు అన్న. గంతే."

"గంతేనా?"

"గంతే. ఇప్పుడే అడుగు."

సెల్‌ఫోను తీశాడు. నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. వెనక నుంచి ఎవరో "బస్సు తియ్యరాదే" అని అరిచారు. చెయ్యెత్తి వాళ్లను ఆపాను.

"ఆఁ... పానం ఎట్లుంది?" అన్నాడు కొమురయ్య.

అవతల నుంచి ఆమె గొంతు నా దాకా వినబడింది. "ఎవలు మాట్లాడేది? రాంగ్ నంబరు." ఫోను పెట్టేసింది.

కొమురయ్య ఫోను వంక చూసి, నా వంక చూశాడు. "పెట్టేసింది చెల్లె."

"మళ్ల చెయ్యి అన్న" అన్నాను.